పాత బెంజ్‌కి ఏ ఇంజన్ ఆయిల్? మెకానిక్ ఒకటి అంటాడు, మాన్యువల్ ఇంకోటి అంటుంది

మూడోయజమాని

అందరికీ నమస్కారం. నా దగ్గర 1994 మోడల్ మెర్సిడెస్ ఈ320 ఉంది. డబ్ల్యూ124 బాడీ, ఎం104 పెట్రోల్ ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు. నా పేరులోనే ఉంది కదా, ఈ బండికి నేను మూడోవాణ్ణి. ముందు ఇద్దరూ ఏ ఆయిల్ పోశారో కాగితాలేవీ లేవు. మీటరు 1,90,000 కి.మీ. చూపిస్తోంది, అది నిజమో కాదో దానికే తెలియాలి.

విషయం ఏంటంటే, ఇంజన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ ప్రెషర్ సూది 3 నుంచి 1 దాకా పడిపోతోంది. కాలు కదిపితే మళ్ళీ 3కి వెళ్తుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్లు టకటకమని శబ్దం, తర్వాత మాయం. బండి నిలబెట్టిన చోట చిన్న ఆయిల్ మరక కూడా కనబడుతోంది.

మెకానిక్ "పాత ఇంజన్ సార్, అరిగిపోయి ఉంటుంది, 20డబ్ల్యూ-50 పోసేద్దాం" అంటున్నాడు. మాన్యువల్ తీస్తే అందులో ఒకటి కాదు, బయటి ఉష్ణోగ్రతను బట్టి నాలుగైదు గ్రేడ్లు గీతలు గీసి చూపించారు. ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్ళేమో 0డబ్ల్యూ-40 అంటున్నారు. ఆయిల్ షాపతను "ఫుల్ సింథటిక్ పోస్తే పాత బండి కారుతుంది" అని భయపెట్టాడు. బండి వారానికి ఒకటి రెండు సార్లే బయటికి తీస్తాను. మా దగ్గర మంచు పడదు, ఎండ మాత్రం గట్టిగానే ఉంటుంది. ఏం పోయమంటారు?

గ్యాస్కెట్_బాబాయ్

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మాన్యువల్‌లో గ్రేడ్ల పేజీ చూశారు, ఆయిల్ ప్రెషర్ పేజీ చూసినట్టు లేదు. ఆ కాలపు బెంజ్ మాన్యువల్స్‌లో రాసేది ఇదే: ఇంజన్ పూర్తిగా వేడిగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ప్రెషర్ 0.3 బార్ దాకా పడినా ఇబ్బంది లేదు, కాకపోతే యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే పైకి లేవాలి. మీది 1 దగ్గర ఆగుతోంది, తొక్కగానే లేస్తోంది. అంటే బాగానే ఉంది.

ఆ మీటరు 3 దాకానే చూపిస్తుంది. అసలు ప్రెషర్ అంతకంటే ఎక్కువున్నా సూది అక్కడే ఆనుకుని కూర్చుంటుంది. ఈ కాలం బండ్లలో చాలావాటికి ఈ మీటరే పెట్టరు, దీపం ఒక్కటే. మీటరుంటే యజమానికి నిద్ర పట్టదని వాళ్ళకి తెలుసేమో.

డీజిల్‌రాజా

బాబాయ్ మాట కాదనను గానీ, మెకానిక్ చెప్పింది కూడా తప్పు కాదు బ్రదర్. నాది అదే బాడీలో 300డీ, ఓఎం603 డీజిల్. ఎప్పుడూ చిక్కటి ఆయిలే పోస్తాను, ఇంజన్ రాయిలా ఉంది. అరిగిన బేరింగుల మధ్య ఖాళీ ఎక్కువ ఉంటుంది, పల్చటి ఆయిల్ అందులోంచి జారిపోతుంది. 0డబ్ల్యూ అంటే నీళ్ళే. అవి చలి దేశాల వాళ్ళకి.

కందెన_ల్యాబ్

లూబ్రికెంట్ల పరీక్షలే నా ఉద్యోగం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

5డబ్ల్యూ-40లో రెండు అంకెలకీ రెండు వేరువేరు పరీక్షలున్నాయి. డబ్ల్యూ ముందున్న అంకె చలి పరీక్షది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 15డబ్ల్యూని మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. ఆ చలిలో క్రాంక్ తిరగగలదా అన్నదే ప్రశ్న. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనానిది. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

అంటే వేడెక్కిన ఇంజన్‌లో 0డబ్ల్యూ-40 అయినా, 15డబ్ల్యూ-40 అయినా ఒకే తరగతి. డీజిల్‌రాజా గారు 0డబ్ల్యూ అంటే నీళ్ళన్నారు. 40 డిగ్రీల దగ్గర మామూలు 0డబ్ల్యూ-40 చిక్కదనం దాదాపు 75 సెంటీస్టోక్స్. 5డబ్ల్యూ-40 ఓ 80, 90 ఉంటుంది. అదే ఆయిల్ 100 డిగ్రీలకి చేరితే 14 దగ్గరికి వస్తుంది. అంటే మన ఎండాకాలం పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కూడా ఆ "నీళ్ళు" ఇంజన్‌కి కావలసినదానికంటే ఐదారు రెట్లు చిక్కగానే ఉన్నాయి. 20డబ్ల్యూ-50 అయితే 40 డిగ్రీల దగ్గర 150 దాటుతుంది. మంచు పడని చోట కూడా డబ్ల్యూ ముందు అంకె చిన్నదైతే లాభం ఇదే: స్టార్ట్ చేయగానే ఆయిల్ పైన క్యామ్‌షాఫ్ట్ దాకా తొందరగా చేరుతుంది. మీ పొద్దుటి టకటక హైడ్రాలిక్ ట్యాపెట్లదే (ఆయిల్ ప్రెషర్‌తో వాల్వ్‌ల దగ్గరి ఖాళీ సర్దే ముక్కలు) అయితే, చిక్కటి ఆయిల్ దాన్ని ఇంకొన్ని సెకన్లు సాగదీసే అవకాశమే ఎక్కువ.

ఇక మూడో సంగతి. ఇది డబ్బా ముందు వైపు రాయరు. 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగేంత వేగంతో ఆయిల్‌ని నలిపి చిక్కదనం కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. నిజంగా బేరింగుని కాపాడేది ఈ అంకె. మీ కాలపు యూరప్ ఇంజన్లకి ఇది కనీసం 3.5 ఉండేలా చూసుకోండి. ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ఏ3/బీ4 అని రాసి ఉన్న ఆయిల్ అంటే ఆ షరతు దాటినట్టే.

డీజిల్‌రాజా

ల్యాబ్‌లో లెక్కలు వేరు, రోడ్డు మీద లెక్కలు వేరు గురువుగారూ. 50 పోస్తే సూది పైన నిలబడుతుంది, కళ్ళతో చూశాను.

కందెన_ల్యాబ్

నిలబడుతుంది, నిజమే. చిక్కటి ద్రవాన్ని సన్నటి దారిలోకి తోస్తే ప్రెషర్ పెరుగుతుంది. కానీ ప్రెషర్ పెరిగితే ఆయిల్ ఎక్కువ పారుతోందని కాదు. చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కగా ఉంటే పంపు దగ్గరి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని కొంత ఆయిల్ మళ్ళీ వెనక్కే పోతుంది. ఫిల్టర్ బైపాస్ తెరుచుకుంటే కొంత వడపోత లేకుండానే లోపలికి వెళ్తుంది. బేరింగుల్లో వేడిని బయటికి మోసుకొచ్చేది కూడా ఆయిలే, అందుకు అది పారాలి.

గ్యాస్కెట్_బాబాయ్

జ్వరం కొలిచే థర్మామీటర్ని చన్నీళ్ళలో ముంచి జ్వరం తగ్గిందన్నట్టు ఉంటుంది, సూది కోసం ఆయిల్ మార్చడం.

బేరింగులు నిజంగా అరిగాయా అని అనుమానముంటే సెండర్ (ప్రెషర్ కొలిచి మీటరుకి పంపే సెన్సర్) విప్పి, ఆ కంతలో మెకానికల్ గేజ్ బిగించి చూడమనండి. పాత బెంజ్‌లలో ప్రెషర్ సెండర్ పాడై తప్పు చూపించడం కొత్తేం కాదు. అరగంట పని. అప్పుడు మాట్లాడదాం ఇంజన్ సంగతి.

మూడోయజమాని

చాలా థాంక్స్ అండీ, సూది సంగతి విని సగం భారం దిగింది. మరి ఏ3/బీ4 ఒక్కటి చూసుకుంటే చాలా? డబ్బా వెనకాల కోడ్‌ల చాంతాడు ఉంది. ఎంబీ 229.3, 229.5, 229.51 అని. మా మాన్యువల్‌లో ఈ నంబర్లేవీ లేవు.

ఇన్‌లైన్‌సిక్స్

మాన్యువల్‌లో ఉండవు, ఎందుకంటే ఆ షీట్లు (ఆయిల్ ఎలా ఉండాలో మెర్సిడెస్ నంబర్లు వేసి పెట్టిన నియమాలు) మీ బండి తయారయ్యాక వచ్చినవి. అయినా పాత పెట్రోల్ ఇంజన్లకి అవి నప్పుతాయి, తేడా తెలిస్తే చాలు.

229.1, 229.3, 229.5 ఒక కుటుంబం. పై నంబరుకి వెళ్ళేకొద్దీ పరీక్షలు కఠినం, ఆయిల్ ఎక్కువ కాలం తట్టుకుంటుంది. 229.31, 229.51, 229.52 ఇంకో కుటుంబం, బూడిద తక్కువ ఇచ్చే ఆయిళ్ళు. పొగ గొట్టంలో డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న బండ్ల కోసం చేసినవి. 1994 పెట్రోల్ బండికి ఆ ఫిల్టర్ లేదు, కాబట్టి తక్కువ బూడిద వల్ల మీకు వచ్చే లాభం లేదు. పైగా బూడిద తగ్గించాలంటే ఆమ్లాలని విరిచే క్షార గుణం కూడా కొంత తగ్గుతుంది. బండి ఎక్కువ రోజులు కదలకుండా ఉండేవాళ్ళకి ఆ గుణమే కావాలి. నేనైతే 229.3 లేదా 229.5 ఉన్న 5డబ్ల్యూ-40 తీసుకుంటాను.

బీఎండబ్ల్యూలో కూడా ఇదే కథ, పేర్లు వేరు. లాంగ్‌లైఫ్-98, తర్వాత లాంగ్‌లైఫ్-01, ఫిల్టర్ ఉన్న డీజిల్‌ల కోసం లాంగ్‌లైఫ్-04. ఫోక్స్‌వ్యాగన్, ఆడి అయితే పాత పెట్రోల్‌కి 502 00, పాత డీజిల్‌కి 505 00, పంప్ డ్యూస్ (ప్రతి సిలిండర్‌కీ పంపు, ఇంజెక్టర్ కలిసి ఉండే రకం) డీజిల్‌కి 505 01. పోర్షేకి ఏ40. మీ బండికి సంబంధించిన ఒక్క వరస చదువుకుంటే చాలు, మిగతా చాంతాడు వేరేవాళ్ళది.

స్పానర్12

ఇన్‌లైన్‌సిక్స్ మేడమ్ చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. డబ్బా మీద మాటల్ని వకీలు చదివినట్టు చదవండి. "అప్రూవల్" అన్న మాట కింద ఎంబీ 229.5 ఉంటే, ఆ ఆయిల్‌ని కార్ల కంపెనీకి పంపించి, పరీక్ష చేయించి, అనుమతి తెచ్చుకున్నారని. "ఈ అవసరాలకు సరిపోతుంది", "ఈ బండ్లకు సిఫార్సు చేస్తున్నాం" అని ఉంటే అది ఆయిల్ కంపెనీ సొంత మాట. సొంత మాట కూడా నిజం కావచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. మెర్సిడెస్ వాళ్ళు అనుమతి ఇచ్చిన ఆయిళ్ళ జాబితాని బీవో అనే వెబ్‌సైట్‌లో షీట్ నంబర్ల వారీగా పెడతారు, ఎవరైనా చూడొచ్చు. కొనబోయే ఆయిల్ పేరు, గ్రేడ్ రెండూ అక్షరం పొల్లు పోకుండా అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకే బ్రాండ్‌లో దగ్గర దగ్గర పేర్లతో నాలుగు రకాలుంటాయి.

ఇంకోటి, "సెమీ సింథటిక్", "ఫుల్ సింథటిక్" అన్న మాటల్ని పట్టుకుని కొనకండి. చాలా దేశాల్లో గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ని (ముడి చమురునే బాగా శుద్ధి చేసి తీసినది) కూడా ఫుల్ సింథటిక్ అనే అమ్ముతారు. జర్మనీలో ఆ మాట వాడటానికి నియమం కఠినం. కాబట్టి ఆ మాట కంటే షీట్ నంబరే గట్టి సాక్ష్యం.

మూడోయజమాని

బాగా అర్థమైంది. మరి కారడం సంగతి? సింథటిక్ పోస్తే సీళ్ళు కారతాయన్నది నిజమేనా?

కందెన_ల్యాబ్

ఈ మాటకి ఒక పాత ఆధారం ఉంది. తొలి తరం సింథటిక్‌లలో పీఏఓ అనే బేస్ ఆయిల్ ఎక్కువ. అది రబ్బరుని కొంచెం కుదించే రకం. మినరల్ ఆయిల్ అదే రబ్బరుని కొంచెం ఉబ్బిస్తుంది. ఏళ్ళ తరబడి మినరల్‌కి అలవాటుపడ్డ సీల్ మీద ఆ తొలి సింథటిక్ పోస్తే కారేది. తర్వాత ఎస్టర్లు, సీల్‌ని మెత్తగా ఉంచే పదార్థాలు కలిపి ఆ లోటు తీర్చారు. ఇప్పుడు ఏసీఈఏ పరీక్షల్లోనే సీల్ రబ్బరుతో ఆయిల్ పొత్తు ఎలా ఉందో చూసే భాగం ఉంది.

ఇప్పటికీ అక్కడక్కడ నిజమనిపించేది ఎందుకంటే, పాత జిడ్డు చీలికలకి అడ్డంగా కూర్చుని ఉంటుంది. మంచి డిటర్జెంట్ ఉన్న ఆయిల్ దాన్ని కడిగేస్తే, ఎప్పుడో ఎండిపోయి గట్టిపడ్డ సీల్ బయటపడుతుంది. లీకు ముందే ఉంది, బిరడా ఊడింది అంతే.

గ్యాస్కెట్_బాబాయ్

అసలు మరక ఎక్కణ్ణించో చూశారా? ఎం104 కారే చోట్లు అందరికీ తెలిసినవే. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఒకటి. ముందువైపు టైమింగ్ కవర్ పైభాగంలో యూ ఆకారం సీల్ ఇంకోటి. హెడ్ గ్యాస్కెట్ వెనక మూల నుంచి బయటికి కారడం మూడోది, ఇది ఈ ఇంజన్‌కి పుట్టుమచ్చ. ఇంజన్ కడిగించి, నాలుగు రోజులు నడిపి, టార్చ్ వేసి పైనుంచి కిందికి చూడండి. ఆయిల్ కిందికే పారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. అందుకే మరక పడ్డ చోటు కాదు, తడి మొదలైన చోటు పట్టుకోవాలి.

మెకానిక్ చిక్కటి ఆయిల్ అనడానికి ఇదీ ఒక కారణం అయ్యుంటుంది. గ్యాస్కెట్ మార్చడం రోజంతా పని, డబ్బా మార్చడం పది నిమిషాలు. వాళ్ళని అనను, కస్టమర్లు కూడా పది నిమిషాల జవాబే అడుగుతారు.

పాతజాగ్వార్

అందరూ 20డబ్ల్యూ-50ని మరీ విలన్‌ని చేస్తున్నారు. నా పాత జాగ్వార్ ఎక్స్‌కే సిరీస్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి అదే సరైన ఆయిల్. ఆ ఇంజన్ మూలం 1940ల నాటిది, లోపలి ఖాళీలు అలాగే పెట్టారు. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో వాళ్ళు కూడా అదే గ్రేడ్ వాడతారు. ఎందులో ఏది పొయ్యాలో తయారుచేసినవాడు చెప్పాడు, దాన్ని వదిలి మనం వయసుని బట్టి నిర్ణయించడం దగ్గరే తేడా వస్తోంది. అసలు "పాత లగ్జరీ కారు" అనేదే ఒక తరగతి కాదు. 1970ల జాగ్వార్‌కి, 1989లో వచ్చిన లెక్సస్ ఎల్‌ఎస్400కి రెండిటికీ ఒకే సలహా ఎలా ఇస్తాం? ఆ లెక్సస్ వీ8 చక్కగా 5డబ్ల్యూ-30 మీద నడుస్తుంది.

కందెన_ల్యాబ్

పూర్తిగా ఒప్పుకుంటాను. బెంజ్ మాన్యువల్ చార్ట్‌లో కూడా వేడి ప్రాంతాల గీత మీద 20డబ్ల్యూ-50 ఉంటుంది. పోస్తే ఇంజన్ పోదు. అది మందు అనుకుని పోయడమే నేను వద్దంటున్నది.

డీజిల్‌రాజా

హమ్మయ్య, మా 20డబ్ల్యూ-50కి బెయిల్ దొరికింది.

ఇన్‌లైన్‌సిక్స్

చర్చ కొంచెం పక్కకి తిప్పుతున్నాను, ఏమనుకోకండి. నాది ఈ39 బీఎండబ్ల్యూ 530ఐ, ఎం54 ఇంజన్. ఆయిల్ తాగుతుంది. లాంగ్‌లైఫ్-01 ఉన్న 5డబ్ల్యూ-30 పోస్తున్నాను. చాలామంది "30 పల్చన, అందుకే తాగుతోంది, 40కి మారండి" అంటున్నారు. ల్యాబ్ గారు ఏమంటారు?

కందెన_ల్యాబ్

అడిగింది మంచి ప్రశ్న మేడమ్. 5డబ్ల్యూ-30లన్నీ ఒకటి కాదు. ఏసీఈఏ ఏ5/బీ5 రకం 5డబ్ల్యూ-30లో హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 నుంచి 3.5 మధ్య ఉంటుంది, ఇంధనం ఆదా కోసం పల్చన చేసినది. లాంగ్‌లైఫ్-01 ఉన్న 5డబ్ల్యూ-30 మాత్రం 3.5 దాటాలి. రెండు డబ్బాల మీదా ఒకే గ్రేడ్ రాసి ఉంటుంది, లోపల సరుకు వేరు. మీరు పోస్తున్నది రెండోది కాబట్టి రక్షణ విషయంలో దిగులు లేదు. లాంగ్‌లైఫ్-01 ఉన్న 5డబ్ల్యూ-40 కానీ 0డబ్ల్యూ-40 కానీ పోసి చూడొచ్చు, తాగడం కాస్త తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు.

గ్యాస్కెట్_బాబాయ్

అమ్మా, ఎం54లో ముందు చూడాల్సింది క్రాంక్‌కేస్ గాలి వాల్వ్. ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. దాని డయాఫ్రం చిరిగితే ఇంజన్ తన ఆయిల్ తనే పీల్చుకుంటుంది. పైపులు కూడా ఎండి విరుగుతాయి. అది బాగుండి కూడా తాగుతుంటే అప్పుడు ఆయిల్ రింగుల వంక చూడాలి. ఆ ఇంజన్‌లో రింగులు జిడ్డుపట్టి ఇరుక్కోవడం మామూలే. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ కూడా ఒకసారి తడిమి చూడండి.

ఇన్‌లైన్‌సిక్స్

వాల్వ్ ఎప్పుడూ మార్చలేదు బాబాయ్. మానిఫోల్డ్ విప్పించి చూస్తాను.

కొత్తగా_చేరా

అన్నలూ, చదువుతూ చదువుతూ ఒక డౌట్. పాత ఇంజన్లకి జింక్ ఎక్కువుండాలి, కొత్త ఆయిళ్ళలో జింక్ తీసేశారు, క్యామ్ అరిగిపోతుంది అంటున్నారు. నిజమా?

కందెన_ల్యాబ్

సగం నిజం తమ్ముడూ. అసలు పేరు జడ్‌డీడీపీ, జింకుతో పాటు ఫాస్ఫరస్ ఉండే పదార్థం. క్యామ్, ట్యాపెట్ రాసుకునే చోట పలచని పొరలా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. ఫాస్ఫరస్ పొగలో పోయి కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది కాబట్టి ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికా పెట్రోలియం సంస్థ) దానికి పరిమితి పెట్టింది. 2004లో వచ్చిన ఎస్‌ఎం ప్రమాణం నుంచి 0.08 శాతం గరిష్ఠం. కానీ ఆ పరిమితి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకే. 40, 50 గ్రేడ్లకి అది వర్తించదు. ఏ3/బీ4 ఉన్న 5డబ్ల్యూ-40లో ఫాస్ఫరస్ సాధారణంగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. విడిగా జింక్ సీసా కొని కలపొద్దు. పదార్థాల పాళ్ళు కంపెనీ లెక్క కట్టి కలిపినవి, మనం ఒకటి పెంచితే ఇంకోటి పనిచెయ్యడం మానేస్తుంది. కార్ల కంపెనీలు కూడా బయటి అడిటివ్‌లు కలపొద్దనే మాన్యువల్‌లో రాస్తాయి.

స్పానర్12

ఇదే మాట ఫ్లష్ గురించి కూడా చెప్పాలి. మూడోయజమాని గారూ, మీ మెకానిక్ ఆయిల్ మార్చేముందు ఇంజన్ ఫ్లష్ పోస్తానంటాడు, రాసిపెట్టుకోండి. చరిత్ర తెలియని ఇంజన్‌లో ఘాటైన ఫ్లష్ వద్దు. ఎక్కడో గట్టిగా అంటుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి, సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) అడుగున ఉన్న పికప్ జాలికి అడ్డం పడితే ఆయిల్ పైకే రాదు. ఫిల్లర్ మూత తీసి లోపలికి టార్చ్ వేసి చూడండి. లోహం తేనెరంగులో కనబడితే భయం లేదు. నల్లటి మడ్డి గట్టుకట్టి ఉంటే ఫ్లష్ కాదు, సంప్ విప్పి చేత్తో శుభ్రం చేయించాలి. మధ్యరకంగా ఉంటే మంచి ఆయిల్ పోసి, మొదటిసారి తొందరగా, 2000, 3000 కి.మీ.లకే మార్చేయండి, ఫిల్టర్‌తో సహా. నిదానంగా అదే కడుగుతుంది.

మూత అడుగున తెల్లటి వెన్నలాంటిది కనబడితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని కంగారుపడకండి. తక్కువ దూరాలే తిరిగే బండ్లలో తేమ అక్కడ చేరుతుంది. కూలెంట్ తగ్గుతోందా లేదా చూడండి, అసలు జవాబు అక్కడ తెలుస్తుంది.

డీజిల్‌రాజా

మా డీజిల్‌ల వాళ్ళకి కూడా ఒక ముక్క. ఆయిల్ మార్చిన మర్నాడే నల్లగా అయిందని మోసపోయామనుకోవద్దు. పాత డీజిల్‌లో మసి ఆయిల్‌లోకి రావడం సహజం, దాన్ని కూర్చోనీయకుండా తేల్చి ఉంచుతోందంటే ఆయిల్ పని చేస్తున్నట్టు. నేను ఎంబీ 228.3 ఉన్న 15డబ్ల్యూ-40 కూడా వాడాను. చెప్పాగా, నా ఇంజన్ రాయిలా ఉంది.

నిర్వాహకుడు

డీజిల్ ప్రశ్నలు ఇంకా ఉంటే దయచేసి కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇందులో పెట్రోల్ సంగతే సాగనిద్దాం.

మూడోయజమాని

అప్‌డేట్ ఇస్తున్నాను. మెకానికల్ గేజ్ పెట్టించాం. బాగా వేడెక్కాక ఐడిల్‌లో బార్‌కి పైనే ఉంది, ఆర్‌పీఎం పెంచితే 3 దాటి వెళ్ళింది. డాష్‌బోర్డ్ సూది కొంచెం తక్కువే చూపిస్తోంది. కాబట్టి బేరింగుల గొడవ లేదు.

మూత కింద తేనెరంగే, ఒక పక్క కొంచెం ముదురుగా ఉంది. తడి మొదలైన చోటు దొరికింది. బాబాయ్ చెప్పినట్టే ముందువైపు టైమింగ్ కవర్ పైన. వాల్వ్ కవర్ గ్యాస్కెట్‌తో పాటు ఆ యూ సీల్ కూడా ఆర్డర్ పెట్టాను.

ఆయిల్ 229.5 ఉన్న 5డబ్ల్యూ-40 తీసుకుందామనుకుంటున్నాను. బీవో జాబితాలో పేరు చూసుకున్నాను. ఇంకా రెండు డౌట్లు. ఎన్ని కి.మీ.లకి మార్చాలి? ఏడాదికి 4000 కూడా తిరగను. పాత ఆయిల్‌ని పరీక్షకి పంపిస్తే ఏమైనా తెలుస్తుందా?

ఇన్‌లైన్‌సిక్స్

తక్కువ తిరిగే బండికి కిలోమీటర్లు కాదు, క్యాలెండర్ చూడాలి. ఏడాదికి ఒకసారి, అంతే. మీటరు ఎంత చూపించినా సరే. నిలబడ్డ ఇంజన్‌లో తేమ, కాలని పెట్రోల్, ఆమ్లాలు ఆయిల్‌లో చేరతాయి. కూలెంట్ సూది మధ్యకి వచ్చిందని ఆయిల్ కూడా వేడెక్కిందనుకోవద్దు, దానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అందుకని బండి తీసిన ప్రతిసారీ కనీసం అరగంట నడపండి. గరాజ్‌లోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కంటే అసలు ముట్టుకోకుండా ఉంచడమే మేలు.

కందెన_ల్యాబ్

పరీక్ష వల్ల చాలా తెలుస్తుంది, ముఖ్యంగా మీలా చరిత్ర తెలియని బండికి. ఇనుము ఎక్కువుంటే సిలిండర్లు, క్యామ్, చైన్ వైపు చూస్తాం. సీసం, రాగి ఎక్కువుంటే బేరింగులు. సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోతోందని, ఎయిర్ ఫిల్టర్ పెట్టె సరిగ్గా మూసుకోవడం లేదని అనుమానించాలి. పొటాషియం, సోడియం కలిసి కనబడితే కూలెంట్ కలుస్తోందేమో చూడాలి. అయితే సోడియం కొన్ని ఆయిళ్ళలో సహజంగానే ఉంటుంది. చిక్కదనం ఉండాల్సినదానికంటే తగ్గితే పెట్రోల్ కలిసి ఉండొచ్చు.

ఒక్క రిపోర్టు చూసి తీర్పు ఇవ్వకండి. ఇప్పుడు తీస్తున్న పాత ఆయిల్ ఏదో, ఎంత తిరిగిందో మనకి తెలియదు, కాబట్టి దాని రిపోర్టుకి విలువ తక్కువ. కొత్తగా పోసేదాన్ని వచ్చే ఏడాది తీసేటప్పుడు పంపండి, ఆ తర్వాత మళ్ళీ ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే అరుగుదల ఎటు పోతోందో కనబడుతుంది.

స్పానర్12

పోసేటప్పుడు డబ్బాలన్నీ ఒకేసారి గుమ్మరించకండి. ఈ ఇంజన్‌కి ఏడు లీటర్ల దాకా పడుతుంది, కానీ పాతది ఎంత దిగిందన్నదాన్ని బట్టి మారుతుంది. అర లీటరు తక్కువగా ఆపి, కాసేపు నడిపి, చదునైన చోట ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి, అప్పుడు కొంచెం కొంచెం కలపండి. మ్యాక్స్ గీత దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగతో బేరింగుకి రక్షణ ఉండదు. ఫిల్టర్ మూతకి ఉండే రబ్బరు రింగ్, డ్రెయిన్ బోల్ట్ వాషర్ రెండూ కొత్తవి వెయ్యండి, ఫిల్టర్ పెట్టెలో రింగ్ వస్తే వాడకుండా పాతదే ఉంచేసే మెకానిక్‌లున్నారు.

గ్యాస్కెట్_బాబాయ్

సీల్ పని అయ్యాకే ఆయిల్ మార్చండి, ముందు కాదు. టైమింగ్ కవర్ గీకేటప్పుడు పాత సీలెంట్ ముక్కలు లోపల పడతాయి, కొత్త ఆయిల్ పోసి ఉంటే అది వృథా. కంతకి గుడ్డ అడ్డం పెట్టి గీకమని చెప్పండి. పని అయ్యాక ఆ గుడ్డ తీశాడో లేదో కూడా మీరే చూసుకోండి.